సముద్రం కింద జగ్గయ్యపేట రాయి

ఆ వార్త నాకు మొదట మోసుకొచ్చింది మా బస్సు కండక్టరమ్మ. పొద్దున్నే జగ్గయ్యపేటలో ఎక్కి నందిగామలో దిగే రోజువారీ జనానికి ఆమె సగం చుట్టం. ఎవరింట్లో పెళ్ళిచూపులు జరిగాయో, ఎవరి మిర్చికి తెగులు పట్టిందో అన్నీ ఆమెకే మొదట తెలిసేవి. ఆమె పుట్టిల్లు మాత్రం మా మెట్ట ప్రాంతం కాదు. ఎక్కడో కింద, సముద్రపు ఒడ్డున ఒక మత్స్యకారుల పల్లె.

ఆ రోజు నా పాసు చూడకుండానే వచ్చి పక్క సీట్లో కూలబడింది.

"మా అమ్మోళ్ళ ఊరికి జెట్టీ రాదంట పిన్నిగారూ. పోయింది."

"అదేంటమ్మా, సర్వే కూడా అయిపోయిందన్నావు?"

"ఆ సర్వేనే కొంప ముంచింది. సముద్రం అడుగున రాయుందంట. రాయుంటే తవ్వలేరంట, తవ్వకపోతే పడవలు ఒడ్డుదాకా రావంట. అందుకని పక్కూరికి ఇచ్చేస్తన్నారు. ఎవడో నందిగామ ఆఫీసోడు రాసిచ్చాడంట. అసలు సముద్రం మొహం చూసాడో లేదో వెధవ."

నేను కిటికీలోంచి పత్తి చేలను చాలా శ్రద్ధగా చూశాను. ఆ నందిగామ ఆఫీసు మాదే. ఆ వెధవ మా ఓనరు గారు.

జెట్టీ అంటే పడవలు వచ్చి ఆనుకునే కట్టడం. అది లేని ఊళ్ళో పడవలు దూరంగా నీళ్ళలోనే ఆగిపోతాయి. ఆడవాళ్ళు చేపల గంప నెత్తిన పెట్టుకుని గుండెలదాకా నీళ్ళలో నడిచి ఒడ్డుకి రావాలి. కండక్టరమ్మ తల్లి అలా నడిచీ నడిచీ మోకాళ్ళు పోగొట్టుకుంది. అంతకుముందు వానాకాలంలో అల కొట్టి గంపా మనిషీ కలిసి కొట్టుకుపోతుంటే, పక్కనున్నవాళ్ళు జుట్టు పట్టుకుని లాగారట. కూతురు ఎంత పోరినా ఆమె నీళ్ళలో దిగడం మానలేదు. జెట్టీ వచ్చేస్తోంది, ఇంకెన్నాళ్ళులే అనేది. ఈ కథంతా మేము బస్సులో విడతలు విడతలుగా విన్నదే.

నందిగామలో దిగేటప్పుడు మెట్టు మీద నిలబడి చెప్పాను. "అమ్మా, ఆ ఆఫీసు మాదే."

'రైట్ రైట్' అనబోయిన మనిషి ఆగిపోయింది. నన్ను పైనుంచి కిందకి చూసింది. "అయితే మీరే చూసుకోండి," అని బస్సు కదిలించింది.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను అడుగుతుంటారు, సముద్రపు సర్వే ఆఫీసు నందిగామలో ఏంటండీ అని. ఆ ప్రశ్నకి నేను కూడా ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ జవాబు వెతికాను. అక్కడినుంచి సముద్రం చూడాలంటే సగం రోజు ప్రయాణం. కారణం ఒక్కటే. ఆ మేడ మా ఓనరు గారి సొంతం. కింద విత్తనాలు, పురుగుమందుల షాపు. పైన మేము. సముద్రపు అడుగు బొమ్మలన్నీ నేను పురుగుమందు వాసనలోనే చదివాను. షాపుకొచ్చిన రైతులు మెట్లెక్కి పైకి వచ్చేసి, నా కంప్యూటరు మీద నల్లటి చారలు చూసి, "ఇదేం తెగులండీ? ఏ పైరుకి?" అని అడిగేవారు.

మా ఓనరు గారు బోర్ల మనిషి. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగి, కాయ నిటారుగా లేచినచోట బోరు వేయించేవారు. కొన్నిచోట్ల నీళ్ళు పడేవి, కొన్నిచోట్ల దుమ్ము లేచేది. దుమ్ము లేచేచోట్లు ఎక్కువయ్యాక ఈ సర్వే కంపెనీ పెట్టారు. సముద్రమే ఎందుకు సార్ అంటే, "నీళ్ళు ఖాయంగా ఉన్నచోట పని చేద్దామని అక్కయ్యగారూ," అనేవారు. నాకంటే చిన్నవారు. మాట పెద్దది, గొంతు ఇంకా పెద్దది. ఫోనులో మాట్లాడుతుంటే ఫోను అవసరమా అనిపించేది.

ఇక నేను. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల బడి మెట్లు ఎక్కలేదు. నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పారు. పరీక్షలన్నీ ప్రైవేటుగా కట్టించారు. డిగ్రీ పుస్తకాలు పోస్టులో వచ్చాయి. అలాంటిదాన్ని ఈ ఆఫీసులో టైపు పనికి చేరాను. బొమ్మలు చదవడం తర్వాత నేర్చుకున్నాను. నేర్పించిన ఖర్చంతా ఓనరు గారిదే. ఆ ఋణం నాకు గుర్తుంది.

మేము చేసే పని నిజానికి మీ అమ్మమ్మలు చేసిందే. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తారు కదా, మంచి కుండ ఒకలా మోగుతుంది, బీట తీసింది ఒకలా. మేము సముద్రాన్ని కొడతాం. పడవ వెనక తాడుకి ఒక పరికరం కట్టి లాగుతాం. దాన్ని మా వాళ్ళు చేప అంటారు. శనివారం ఉపవాసం ఉండే నేను చేప వచ్చిందా, చేపకి దెబ్బ తగల్లేదు కదా అని ఫోనులో అడుగుతుంటే బస్సులో జనం చిత్రంగా చూసేవారు. ఆ చేప చేసే చప్పుడు నీళ్ళలోంచి కిందకి పోయి, అడుగున బురదలోకి దూరి, ఒక్కో పొర దగ్గరా కొంచెం కొంచెం వెనక్కి తిరిగి వస్తుంది. వచ్చినదాన్ని వచ్చినట్టు గీతలుగా గీస్తే, సముద్రం కింద ఇసుక ఎక్కడ, బురద ఎక్కడ, గట్టినేల ఎక్కడ అన్నది పుస్తకం అంచులా పేజీలు పేజీలుగా కనిపిస్తుంది. పడవ మీద పరికరం నడిపేది చందర్లపాడు ఇంజనీరు ఒకాయన. ఇద్దరు పిల్లల తండ్రి. పడవ ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా వాంతులే. "సముద్రం మంచిదే మేడం, కదలకుండా ఉంటే," అనేవాడు.

ఆ పల్లె ముందర నీళ్ళలో గీసిన బొమ్మ ఆఫీసుకి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. పై పొరలన్నీ సన్నగా, ముద్దుగా ఉన్నాయి. ఉన్నట్టుండి ఒకచోట దిట్టమైన నల్లగీత. దాని కింద ఏమీ లేదు. ఖాళీ.

ఓనరు గారు వెనకనుంచి తొంగిచూసి బల్ల మీద గుద్దారు. "తగిలింది. రాయి."

మీరు ఒకటి అర్థం చేసుకోవాలి. మా పేట చుట్టుపక్కల భూమంటే రాయే. సున్నపురాయి. గుంజ పాతాలన్నా గునపం ఠంగుమంటుంది. సిమెంటు ఫ్యాక్టరీలన్నీ అక్కడికొచ్చి కూర్చున్నది అందుకే. ఓనరు గారు జీవితమంతా ఆ రాయితోనే కుస్తీ పట్టారు. చప్పుడు గట్టిగా తిరిగి వచ్చిందంటే ఆయనకి ఇంకో మాట తోచదు. నాకూ తోచలేదు, చందర్లపాడు ఆయనకీ తోచలేదు. మెట్ట ఊళ్ళవాళ్ళం ముగ్గురం ఒక నల్లగీత చుట్టూ నిలబడి, మన రాయి సముద్రందాకా వెళ్ళిందే అని మురిసిపోయాం. రిపోర్టులో రాయి అని ఓనరు గారే తన చేత్తో రాసి పంపించారు.

బస్సు దిగిన ఆ పొద్దున కంప్యూటరు పక్కనున్న వేదాద్రి నరసింహస్వామి పటానికి దణ్ణం పెట్టుకుని, ఆ బొమ్మ మళ్ళీ తెరిచాను. ఈసారి రాయి అన్న మాట పక్కన పెట్టి చూశాను. రాయికి ఒక నడక ఉంటుంది. ఎక్కడో లేస్తుంది, ఎక్కడో వాలుతుంది, మెల్లగా మట్టి కిందకి జారుకుంటుంది. ఈ గీత అంచుల దగ్గర గుడ్డ చింపినట్టు తెగిపోయింది. పైగా ఆ అంచుల్లో మిగతా పొరలు కొంచెం కిందకి కుంగినట్టున్నాయి. మా పాఠాల్లో ఇలాంటిదాని గురించి ఉంది. బురదలో ఆకూ అలమూ కుళ్ళి పుట్టిన గ్యాసు బుడగలుగా ఇరుక్కుపోతే, చప్పుడు దాన్ని దాటి పోలేదు. గోడకి తగిలినట్టు వెనక్కి వచ్చేస్తుంది. కింద ఏముందో కనపడదు. ఆ అంచుల్లో చప్పుడు నెమ్మదిస్తుంది కనక పొరలు కుంగినట్టు అనిపిస్తాయి. అంటే అది రాయి కానే కాకపోవచ్చు. పులిసిన బురద కావచ్చు. బురదనైతే తవ్వొచ్చు, పడవలు రావచ్చు.

ఓనరు గారితో అన్నాను.

"గ్యాసా?" అన్నారాయన. "అంత గట్టిగా తిరిగొస్తే గ్యాసంటారేంటి అక్కయ్యగారూ?"

"అది రాయైతే అంచులు అలా తెగవు సార్."

"నాకు రాయి గురించి చెప్తారా మీరు? స్తంభంలో దేవుడున్నాడంటే నమ్ముతారు, గీతలో రాయి ఉందంటే నమ్మరు."

"స్తంభం బద్దలయ్యాక నమ్మారండి అందరూ. దీన్ని కూడా ఒకసారి బద్దలుకొట్టి చూద్దాం."

చందర్లపాడు ఆయన పక్కన కూర్చుని తల వంచుకుని నవ్వుతున్నాడు. ఓనరు గారికి అది కనపడింది. "సరే పదండి," అన్నారు. "చూసి వద్దాం. నువ్వు కూడా రావాలోయ్." ఆయన నవ్వు ఆగిపోయింది.

కండక్టరమ్మ సెలవు పెట్టి మాతో వచ్చింది. పుట్టింట్లో మమ్మల్ని పరిచయం చేయడానికి ఆమెకి మాట దొరకలేదు. "రాయి వాళ్ళమ్మా," అంది చివరికి.

ఆ తల్లి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచి మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది. "రాయా? మా ఊళ్ళో కుక్కనదిలిద్దామంటే రాయి దొరకదయ్యా. రుబ్బురోలు కూడా మీ పేట నుంచే తెచ్చుకున్నాం. మీరు రాయి కనిపెట్టారా?"

"అడుగునమ్మా. బురద కింద," అన్నారు ఓనరు గారు, గొంతు తగ్గించి. ఆయన గొంతు తగ్గగలదని నాకు అప్పుడే తెలిసింది.

"ఉంటే ఉండనీ. చూపించు. నాలుగు ముక్కలు తెచ్చిస్తే వాకిట్లో వేసుకుంటాం, వానాకాలం కాళ్ళు దిగబడుతున్నాయి."

ఇక్కడ ఆయన గురించి నిజం చెప్పాలి. మేమెవ్వరం చేయలేని పని ఆయన చేశారు. రెండు పడవలు పక్కపక్కన కట్టించి, మధ్యలో బల్లలు వేయించి, బోరు పైపులు ఒకదానికొకటి బిగిస్తూ చేత్తోనే కిందకి దించడం మొదలుపెట్టారు. కొబ్బరికాయ కూడా తెచ్చారు. అరచేతిలో పెట్టుకుని చుట్టూ చూశారు. సముద్రం మీద అది ఎటు పడితే అటు లేస్తోంది. విసుగొచ్చి దాన్ని కొట్టి, గంగమ్మకి చూపించి, అందరికీ పంచిపెట్టారు.

పైపు నీళ్ళు దాటింది. బురదలోకి దిగింది. బొమ్మలో నల్లగీత ఉన్న లోతుకి దగ్గర పడుతుంటే ఆయన మొహం చూడాలి. పెళ్ళి పందిట్లో తాళి కోసం చెయ్యి చాచిన పెళ్ళికొడుకు మొహం. "ఇదిగో, ఇప్పుడు ఠంగుమంటుంది," అన్నారు.

ఠంగుమనలేదు. పెరుగులో గరిటె దిగినట్టు దిగిపోయింది. ఇంకో పైపు బిగించారు. అదీ దిగిపోయింది. పైపు నోట్లోంచి బుసబుసమంటూ గాలి వచ్చింది. చుట్టూ నీళ్ళలో బుడగలు లేచాయి. ఆ వెనకాలే కంపు. మురిగిపోయిన గుడ్ల కంపు. 

"తేన్చింది," అంది కండక్టరమ్మ తల్లి. ఆమె పడవ ఎక్కొద్దన్నా ఎక్కింది. "ఏం తిందో పాపం."

చందర్లపాడు ఆయనకి అప్పటికి కడుపులో మిగిలిందేమీ లేదు. నీరసానికో, ఆ కంపు తట్టుకోలేకో, జేబులోంచి సిగరెట్టూ లైటరూ తీశాడు. ఆ పెద్దామె మోకాళ్ళ సంగతి మర్చిపోయి ఒక్క అంగలో వెళ్ళి లైటరు పట్టుకున్న చెయ్యి మీద కొట్టింది. లైటరు సముద్రంలో పడింది. "పొయ్యి నా ఇంటికాడుంది, అక్కడ వెలిగించుకో. ఇక్కడ వెలిగిస్తే అందరం కలిసి మసైపోతాం."

ఓనరు గారు పైపు మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డారు. లోపలినుంచి తీసిన బురద నల్లగా, మెత్తగా, నిండా బుడగలతో ఉంది. దాన్ని రెండు వేళ్ళతో నలిపి చూశారు. రాయి ముక్క కోసం వెతుకుతున్నట్టు చాలాసేపు నలిపారు.

"ఇంత మెత్తగా ఉంటుందా భూమి," అన్నారు చివరికి.

ఒడ్డుకి వచ్చాక ఆ పెద్దామె ఆయన్ని వదల్లేదు. "అయితే చెప్తావా మరి, ఆ జెట్టీ ఇచ్చే ఆఫీసులో?"

"చూస్తానమ్మా."

"చూసావుగా ఇప్పుడు. చెప్తావా?"

ఆయన వేళ్ళకంటిన బురద తుడుచుకుంటూ కారెక్కారు. ఎందుకు మాటివ్వలేదో నాకు తెలుసు. జెట్టీ పక్కూరికి ఖాయం చేసే మీటింగు ఆ వారంలోనే ఉంది. మా రిపోర్టుని అక్కడ ఎవరూ అనుమానించడం లేదు. మేము నోరు మెదపకపోతే ఎవరూ అడగరు. పక్కూళ్ళో జెట్టీ వస్తుంది, ఆ ఊళ్ళో ఆడవాళ్ళు సుఖపడతారు, అదీ పుణ్యమే. మాకు రాబోయే పనులన్నీ ఆ మీటింగులో కూర్చునే పెద్దాఫీసరు చేతిలోనే ఉన్నాయి. తప్పు చెప్పామని మేమే వెళ్ళి చెప్పుకుంటే మళ్ళీ మా గుమ్మం ఎవరూ తొక్కరు. ఈ మాటలన్నీ తిరుగు ప్రయాణంలో కారులో చందర్లపాడు ఆయన మెల్లగా, ఒకదాని తర్వాత ఒకటిగా చెప్పాడు. అతన్ని తప్పుపట్టలేను. ఇద్దరు పిల్లలు.

 నేను మాత్రం లోపల స్వామితో పోట్లాడుతున్నాను. నీకు పేద్ద గోళ్ళున్నాయి కదా, ఈయన్ని కొంచెం గిల్లు అని.

మీటింగు రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు ఓనరు గారు. ముగ్గురం కారెక్కాం.  నందిగామ దాటాక ఆయనే మొదలుపెట్టారు.

"పెనుగంచిప్రోలు దగ్గర ఒక రైతుకి బోరు చూపించా అక్కయ్యగారూ, చాన్నాళ్ళ కిందట. కాయ బ్రహ్మాండంగా లేచింది. దుమ్ము తప్ప ఏం రాలేదు. ఇంకా కిందకి పోతే పడుద్దని చెప్పి, వాడు అన్నానికెళ్ళగానే సామాను బండికెక్కించుకుని వచ్చేసా."

"ఆయన ఏమీ అనలేదా సార్?"

"అంటే బాగుండేది. ఇప్పటికీ సంతలో కనపడితే బావా అంటాడు. టీ ఇప్పిస్తాడు. ఆ టీ నాకు గొంతు దిగదు."

అని కారు అద్దం దించుకున్నారు. 

మీటింగు గదిలో పెద్ద బల్ల, చుట్టూ ఫైళ్ళు, ఒక మూల ఊరివాళ్ళు. కండక్టరమ్మ తల్లి కూడా వచ్చింది. కుర్చీ ఇస్తే కూర్చోలేదు, కూర్చుంటే లేవలేనని. పెద్దాఫీసరు కాగితాలు తిరగేస్తూ, "సర్వే వాళ్ళు చెప్పేదేమైనా ఉందా? లేకపోతే ముందుకి పోదాం," అన్నారు. ఆ అడగడం కూడా మర్యాద కోసమే. అప్పటికే పక్క పేజీ తిప్పుతున్నారు.

ఓనరు గారు లేచారు. "ఉందండి. మా రిపోర్టు తప్పండి."

పేజీ ఆగింది. "ఎక్కడ? అచ్చు తప్పా?"

"లేదండి. రాయి తప్పు. అక్కడ రాయి లేదండి. నేను జగ్గయ్యపేటవాణ్ణండి, నాకు రాయి తప్ప ఇంకోటి తెలీదు. రాయనుకుని రాసేసా. పైపు దించి చూసా. బురదండి. గ్యాసున్న బురద. తవ్వితే వచ్చేస్తది. కాకపోతే జెట్టీ స్తంభాలు ఇంకా లోతుకి దించాల."

గదిలో ఎవరో నవ్వారు. పెద్దాఫీసరు నవ్వలేదు. "నేనూ డెల్టా వాణ్ణేనండి," అన్నారాయన. "రాయి అని చదివినప్పుడు మా వైపుకి కొండలెప్పుడు వచ్చాయా అనుకున్నా. కానీ మీ ముద్ర ఉంది, సంతకం ఉంది. ఇప్పుడు కాదంటున్నారు. రేపు మళ్ళీ ఇంకోటంటారు. దేన్ని నమ్మమంటారు?"

 ఓనరు గారు నా వైపు చూశారు. నిజం చెప్పాలంటే నా దగ్గర బొమ్మలున్నాయి కానీ, ఆ గదిలో బొమ్మలు చదివేవాళ్ళు లేరు. బల్ల మీద స్టీలు గ్లాసులో నీళ్ళున్నాయి. నరసింహస్వామి అప్పుడప్పుడు చిన్న గోరుతో కూడా పని చేస్తాడు. చందర్లపాడు ఆయన్ని పంపించి సోడా తెప్పించాను.

నీళ్ళ గ్లాసుని చెంచాతో కొట్టాను. ఖంగుమంది. పక్కన అలాంటిదే ఇంకో గ్లాసులో సోడా పోసి, బుడగలు లేస్తుండగానే కొట్టాను. గుడ్డలో చుట్టి కొట్టినట్టు మొద్దుగా డబ్‌మంది. మళ్ళీ కొట్టాను. బుడగలు చచ్చేకొద్దీ చప్పుడు మెల్లగా పైకి తేలింది, చివరికి నీళ్ళ గ్లాసులాగే ఖంగుమంది.

"గ్లాసు మారలేదండి," అన్నాను. "బుడగలు చప్పుడుని మింగేశాయి. సముద్రం కింద మాకు జరిగింది ఇదే. చప్పుడు ఆగిపోయినచోట మేము రాయి అని పేరు పెట్టాం. అక్కడ ఆగింది మా చూపు."

పెద్దాఫీసరు చెంచా తీసుకుని తను కూడా కొట్టి చూశారు. ఆయన పక్కనున్నవారు కొట్టారు. కాసేపు ఆ మీటింగు భజన మండలిలా తయారయింది.

"మీరేం చదువుకున్నారమ్మా?" అన్నారు.

"ఇంట్లోనండి."

"సోడా పాఠం మీ ఇంట్లోదేనా?"

"లేదండి, ఇప్పుడే తోచింది. తప్పైతే ఇది కూడా చెప్పేస్తాం."

ఆయన అప్పుడు నవ్వారు. నిర్ణయం వాయిదా వేశారు. మా మాట మీద కాదు, మాతో సంబంధం లేని వేరేవాళ్ళ చేత బోర్లు వేయించమని. అది న్యాయమే. మీటింగు అయ్యాక గుమ్మం దగ్గర కండక్టరమ్మ తల్లి ఓనరు గారి చొక్కా చెయ్యి పట్టుకుని, "ఇస్త్రీ బానే ఉంది," అంది. ఆమె దగ్గర అంతకు మించిన మెప్పు ఎవరికీ దొరకదని కూతురు తర్వాత చెప్పింది.

వేరేవాళ్ళు వేసిన బోర్లలో కూడా బురదే వచ్చింది, కంపుతో సహా. జెట్టీ ఆ పల్లెకే వచ్చింది. పనులిచ్చే జాబితాలోంచి మా కంపెనీ పేరు చడీచప్పుడూ లేకుండా జారిపోయింది. తప్పు రాసినందుకా, తప్పని ఒప్పుకున్నందుకా అని నేను ఒకసారి అడిగాను. "రెండూ కలిపి కొట్టారు అక్కయ్యగారూ," అన్నారు ఓనరు గారు, అన్నం కలుపుకుంటూ. కొన్నాళ్ళకి పైమేడ కూడా విత్తనాల షాపు వాళ్ళకే ఇచ్చేశారు. చందర్లపాడు ఆయనకి కదలని నేల మీద ఒక రోడ్ల సర్వేలో ఉద్యోగం చూసిపెట్టారు. నాకు పెద్ద కంపెనీలో, ఇంటి దగ్గరనుంచే బొమ్మలు చదివే పని ఇప్పించారు. రిటైరయ్యేదాకా నేను తిన్న అన్నం అదే. తను మాత్రం మళ్ళీ బోర్లకి వెళ్ళిపోయారు.

జెట్టీ తెరిచిన రోజు కండక్టరమ్మ నన్ను తీసుకెళ్ళింది. ఆమె తల్లి ఖాళీ గంప చంకన పెట్టుకుని, పడవ దగ్గర్నుంచి ఒడ్డుదాకా పొడి కాళ్ళతో నడిచి చూపించింది. సగం దూరం వచ్చి ఆగి, "ఎండకి కాళ్ళు కాలిపోతన్నాయి. నీళ్ళే నయం," అని విసుక్కుంది. మళ్ళీ వెనక్కి వెళ్ళి ఇంకోసారి నడిచింది. అక్కడ నల్లరాతి పలక మీద చాలా పేర్లు చెక్కారు. ఆమెకి చదవడం రాదు. "మన రాయాయన పేరు ఎక్కడుంది?" అని నన్ను అడిగింది. లేదని చెప్పాను. పిలిచారా అంది. పిలవలేదని చెప్పాను. ఆ పలకని కాసేపు చూసి, గంప దాని ముందు దించి, అక్కడే చేపలు ఎండబెట్టుకోవడానికి చోటు చూసుకుంది.

ఓనరు గారు ఈమధ్యే పోయారు. పోయేముందు చూడటానికి వెళ్ళినప్పుడు, ఈ సంగతి ఎప్పటికైనా రాస్తానన్నాను. "రాయండి కానీ పేరొద్దు," అన్నారు. "మావాళ్ళు రాయి గుర్తుచేసుకుని నవ్వుతారు." ఆ గొంతు అప్పటికి బాగా తగ్గిపోయింది. అందుకే ఆయన పేరు రాయలేదు. ఆయన పేరు దాచి మిగతావాళ్ళ పేర్లు రాస్తే బాగుండదని ఎవరి పేరూ రాయలేదు.

మీలో చాలామందికి ఆ గదిలాంటి గది ఒకటి ఎప్పుడో ఎదురవుతుంది. మీరు ఇచ్చేసిన కాగితం తప్పని మీకొక్కరికే తెలిసి ఉంటుంది. ఎవరూ అడగరు, పక్క పేజీ తిరిగిపోతూ ఉంటుంది. అప్పుడు ఒక్కసారి ఆయన్ని తలుచుకోండి. పేరు తెలియదే అనుకోకండి. వేదాద్రిలో దీపం పెట్టినప్పుడు స్వామికి ఆ పేరు నేను చెప్తున్నాను.